కుడి కన్ను దూరానికి, ఎడమ కన్ను దగ్గరికి

ఇది మొదలైంది ఒక బుధవారం, పొద్దున పదకొండుంబావుకు. జైనూర్ కొండల మీద ఒక గోండు గూడెంలో పిల్లలకు టీకాలు వేస్తున్నాను. నర్సుగా అక్కడ నాకది పన్నెండో ఏడు. వయసు నలభై తొమ్మిది. చిన్నప్పటి నుంచి నాకు దూరం ఆనదు. అద్దాలు పెట్టుకుంటే దూరం కనిపించేది గాని, ఆ వయసుకు వచ్చేసరికి అద్దాల్లోంచి సిరంజి గీతలు అలుక్కుపోయేవి. అందుకని అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మందు ఎక్కించేదాన్ని. ఆ రోజు ఒక చంటిది కాలు విసిరింది. అద్దాలు కింద పడ్డాయి. లేవబోయిన తల్లి వాటి మీదే అడుగు వేసింది.

వానాకాలం. తిరుగుదారిలో రెండు వాగులు. నాతో తిరిగే ఆశా కార్యకర్త నా చెయ్యి పట్టుకుని దాటించింది.

"ఎప్పుడూ నువ్వే ముందు ఉరుకుతవ్ గదా అక్కా. ఇయ్యాల నా ఎన్క రా, మేకపిల్ల లెక్క," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అద్దాలు పగిలితే ఊరి పొలిమేర దాటలేని మనిషి చేతిలో ఐదు గూడేలు ఎన్నాళ్ళు ఉంచుతారు? ఆ భయంతోనే సెలవు పెట్టి కరీంనగర్‌లో మా చెల్లె ఇంటికి పోయాను.

కళ్ళ డాక్టరు విడమరచి చెప్పాడు. నా వయసుకు లేజర్‌తో రెండు కళ్ళూ దూరానికే సరిచేస్తే, దగ్గరికి మళ్ళీ అద్దాలు తప్పవు. ఇంకో పద్ధతి ఉంది. కుడి కంటిని దూరానికి, ఎడమ కంటిని దగ్గరికి సరిచేస్తారు. ఏ పనికి ఏ కన్నో మెదడే మెల్లగా నేర్చుకుంటుంది.

"కాని ఎత్తుపల్లాల అంచనా కొందరికి తగ్గుతదమ్మా. ముందుగాల వారం రోజులు, ఆపరేషన్ అయినట్టే చూపించే ఈ లెన్సులు కండ్లల్ల పెట్టుకొని, మీరు రోజూ చేసే పనులే చేసి చూడండి."

లెన్సులను కొండకు తీసుకుపోలేదు. అక్కడి బురద చేతులతో పెట్టి తీస్తే కన్ను పాడవుతుందని, శుభ్రం ముఖ్యమని, నర్సు బుద్ధి నాకు చెప్పింది. చెల్లె ఇంట్లోనే చూసుకున్నాను. మాత్రల అట్ట మీది సన్న అక్షరాలు చదివాను. బస్టాండులో నిలబడి మెట్‌పల్లి బస్సు బోర్డు అంత దూరం నుంచే చదివాను. సిరంజిలో నీళ్ళు ఎక్కించి గీత చూశాను. మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగాను. ఎక్కడా తడబడలేదు.

"నన్ను ఏ కంటితోని చూస్తున్నవే అక్కా?" అని చెల్లె ఆటపట్టించింది.

"బువ్వ పెడితే ఎడమతోని, అప్పు అడిగితే కుడితోని."

డాక్టరు అన్నీ విన్నాడు. "మరి కొండల మీద?" అన్నాడు.

"అక్కడ నడిచేటివి గూడ ఇవే కాళ్ళు సార్."

"ఒక్కపారి అక్కడ గూడ చూసుకొని రండి. నెల ఆగితే ఏం గాదు."

నెల ఆగితే మళ్ళీ సెలవు దొరకదనుకున్నాను. చెల్లె కూడా, "ఇంకేం చూస్తవే, మంచిగనే కనవడుతున్నది గదా," అన్నది. ఆ వారంలోనే చేయించుకున్నాను.

ఇంట్లో, తారు రోడ్డు మీద, టీకా వేసేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వాగు దగ్గరే వచ్చింది. పారే నీళ్ళలో రాయి ఎంత దూరాన ఉందో కన్ను ఒకటి చెప్పేది, పాదం ఇంకొకటి చెప్పేది. మూడు నెలల్లో అలవాటవుతుందన్నారు. ఆరు నెలలైనా ఆ రాళ్ళు నాకు అలవాటు కాలేదు. మరుసటి వానాకాలం మూడో రాయి దగ్గర జారాను. భుజానికున్న టీకాల డబ్బా నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. అవతలి గూడెంలో కూలి మానుకుని కూర్చున్న తల్లులను ఉత్త చేతులతో వెనక్కి పంపాము.

మళ్ళీ కరీంనగర్ పోయాను. నా కంటి పొర పల్చన, రెండోసారి లేజర్ పనికిరాదన్నాడు డాక్టరు. నడిచేటప్పుడు పెట్టుకోమని అద్దాలు రాసిచ్చాడు. పెట్టుకుంటే రాళ్ళు సరిగ్గానే కనిపించాయి. వాన పడితే అద్దాలు మసకబారాయి, సరిగ్గా మునుపటిలాగే. ఆ నెలలోనే బదిలీకి దరఖాస్తు పెట్టాను.

"నీ చెయ్యి నేను పట్టుకుంట గదా, ఎందుకు పోతవ్ అక్కా?" అన్నది ఆశా పిల్ల.

"నన్ను నువ్వు పట్టుకుంటే డబ్బా ఎవరు పట్టుకుంటరే?"

"డబ్బా గూడ నేనే పట్టుకుంట."

"ఇగ నేనెందుకు మరి?"

నన్ను మెట్‌పల్లికి వేశారు. రిటైరయ్యేదాకా తారు రోడ్ల మీదే పనిచేశాను.

ఇప్పుడు నాకు అరవై రెండు. చూపు పోలేదు. పోయినవి ఇవి: ఒక డబ్బా టీకా మందు, కొండ మీద ఐదు గూడేలు, చివరి ఏడాది నా చేతుల మీద పుట్టిన పంతొమ్మిది మంది పిల్లలు నడక నేర్చి బడికి పోవడం చూసే భాగ్యం, పక్కన నడిచిన ఒక మనిషి.