అలారం కరెంటు

యాప్రాల్ రాజేందర్ అన్నం తింటున్నా ఎడమచేతి వేలు బల్లను తడుముతూనే ఉంటుంది, అక్కడేదో చిప్పు కాలుతున్నట్టు. ఆస్పత్రి మానిటర్ల బోర్డులో కరెంటు పంచే ఏ రెగ్యులేటర్ ఎన్ని వోల్టులివ్వాలో మెషీన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్ కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు రాయడం అతని ఉద్యోగం. ఏ భాగమూ కావాలని అడగని రెగ్యులేటర్‌ను కెర్నల్ దండగనుకుని ఆపేస్తుంది. అలారానికి కరెంటిచ్చేదాన్ని ఎప్పుడూ ఆపొద్దన్న ఒక్క లైను నిరుడు అతను రాయడం మరిచాడు. స్విచ్ వేయగానే పరీక్షిస్తే అలారం మోగేది, అరనిమిషానికి మూగబోయేది. తెర మాత్రం వెలుగుతూనే ఉండేది. ఎక్కడో ఒక కొడుకు, ఏమన్నా అయితే అదే మోగుతుందని నమ్మి, తండ్రి మంచం పక్కన కునుకు తీశాడు. లేచేసరికి తండ్రి లేడు.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో తల్లి బుచ్చమ్మ పక్కన కూర్చున్న రాజేందర్ ఆమె మొహం చూడడు, మానిటర్‌నే చూస్తాడు. ఆమె వేలికున్న నాడి చూసే క్లిప్పు మెల్లగా తీస్తాడు. అలారం మోగుతుంది. నర్సు పరుగున వచ్చి, తిట్టి, క్లిప్పు పెట్టి పోతుంది. కాసేపటికి మళ్లీ తీశాడు. మళ్లీ మోగింది.

"ఏందిరా, గిట్ల పరేషాన్ జేస్తున్నవ్? మోగుతుంది గదా!" అంది బుచ్చమ్మ.

"నీకైతే మోగిందమ్మా" అన్నాడు, క్లిప్పు తిరిగి ఆమె వేలికి తొడుగుతూ.