రెండో గ్లాసులో వెన్న వాసన

ఇది నా అంతట నేను ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. జర్మనీలో ఆ పెద్ద బీరు ఫ్యాక్టరీ వాళ్ళు మా ముందు మూడు గ్లాసులు పెట్టి, ఒకదానిలో కావాలనే చెడు వాసన కలిపాం, అది ఏ గ్లాసో చెప్పమన్నారు. రెండోదని నాకు ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసిపోయింది, బీరులో ఉండకూడని వెన్న వాసన. నోరు విప్పలేదు.

నేను మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. మా సీనియర్‌ది కరీంనగర్, నేను అక్కా అంటాను. అక్కడి ట్రుగనీనా అనే పేటలో మా ఇళ్ళు దగ్గరే కాబట్టి రోజూ తన కారులోనే వెళ్తాను. కంపెనీలో బీరు రుచి చూసి తీర్పు చెప్పే ప్యానెల్‌లో ఒక చోటు ఖాళీ అయింది. అక్క మూడేళ్ళుగా దానికోసమే ఎదురు చూస్తోంది. మేనేజరు మా ఇద్దరినీ జర్మనీ చూసి రమ్మని పంపుతూ, ఆ చోటుకి మాలో ఒకరి పేరు అక్కనే రాసివ్వమన్నాడు. తన పేరే రాసుకుంటుందని నాకు తెలుసు. రాసుకోవాలనే నా కోరిక కూడా.

ఆ ఫ్యాక్టరీలో మాలా చూడవచ్చిన పదిమంది తప్ప మనుషులు కనపడలేదు. సీసాలు మాత్రం బెల్టు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తుతున్నాయి. ఆ మోత నా కాళ్ళలోకి దిగింది, ఒకచోట నిలబడలేకపోయాను. చివర్లో ఆ మూడు గ్లాసులు. అక్క ధీమాగా మూడోది అంది. "కాదు, రెండోది" అన్నాడు గైడు. అక్క నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను నా బూట్ల వంక చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు రైల్లో పుస్తకం తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. లేచి పెట్టె చివరిదాకా నడిచాను, వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

మేం చూడాల్సిన రెండో చోటు ఒక పల్లెలో పాతకాలపు చిన్న బ్రూవరీ. ముసలాయన మా గుంపును చల్లటి నేలమాళిగలోకి దింపి, ట్యాంకు కుళాయి తిప్పి ఒక్కటంటే ఒక్క గ్లాసు నింపాడు. అందరూ అందులోంచే తాగాలట, అక్కడి పద్ధతి అది. నాకంటే ముందు అయిదుగురి మూతులు దానికి తగిలాయి. చిన్నప్పటినుంచీ ఎంగిలి పట్టింపున్న ఇంట్లో పెరిగినదాన్ని, అలవాటుగా గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకున్నాను. నురగ ముక్కులోకి, గడ్డం మీదికి, జాకెట్టు మీదికి పొంగింది. అందరూ ఘొల్లుమన్నారు.

"ఓ తల్లీ, గిది మంచినీళ్ళ చెంబు గాదే! మూతి పెట్టి తాగు, ఎవ్వలకేం రోగాల్లేవ్" అంది అక్క.

ముసలాయన అంచు తుడిచి మళ్ళీ నింపి ఇచ్చాడు. ఈసారి పెదవి ఆనించాను. పలచగా అదే వాసన, వెన్న వాసన.

"బీరు తయారైందా?" అని ఒక్కొక్కరినీ అడిగాడాయన. అందరూ తలూపారు. అక్క "వెరీ గుడ్" అంది. నా వంతు వచ్చేసరికి నేను సగం మెట్ల వైపు తిరిగే ఉన్నాను. "ఇంకా లేదు, వెన్న వాసన ఉంది" అన్నాను. ఆయనకి వినపడక చెవి దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ అన్నాను. ఆయన ట్యాంకు మీది పలకపై బీరు బయటికి తీసే తేదీ చెరిపి, వారం తర్వాతి తేదీ వేశాడు. బీరును పులియబెట్టే ఈస్టు ఇంకా పని చేస్తోంది, ఆగితే ఆ వాసన దానంతటదే పోతుందన్నాడు.

మెట్లెక్కుతుంటే అక్క అడిగింది. "నిన్న గూడ తెల్సు గదా నీకు?"

"అది కాదక్కా..."

"తెల్సా, తెల్వదా?"

"తెలుసు."

ఆ తర్వాత మెల్‌బోర్న్ దాకా పాస్‌పోర్టు, గేటు నంబరు, అంతే మా మాటలు. ఎయిర్‌పోర్టు నుంచి కారులో వస్తూ నేను కిటికీ అద్దం దించుతూ ఎత్తుతూనే ఉన్నాను. అక్క మా ఇంటి ముందు ఆపింది.

"అక్కా, నీ పేరే రాయి. పదిమంది ముందు నాకు నోరు రాదు" అన్నాను.

తను డిక్కీ తెరిచి నా సూట్‌కేసు కిందికి దించింది.

"నీ పేరు ఫ్రాంక్‌ఫర్ట్‌ల ఫ్లైట్ ఎక్కకముందే మేనేజర్‌కు మెయిల్ కొట్టిన. నా కోపం సీటు పోయినందుకు గాదే పిల్లా. నేను తప్పు జెప్తుంటే సప్పుడు జెయ్యకుండ నిలబడ్డవ్ జూడు, గందుకు. ఇగ లోపలికి పో."