ఇనప లాడాల బూట్లు

మా ఇంట్లో మగవాళ్లు తోలు బూట్లు తొడిగేవారు. మడమ కింద ఇనప లాడం కొట్టించేవారు. తాతగారు వీధి మలుపులో ఉండగానే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున మాకు భూములుండేవి. ఊళ్లో మమ్మల్ని బుగతలు అనేవారు. నాకు ఊహ తెలిసేసరికి భూములు లేవు. నేను డిగ్రీ చదువుతుండగా ఇల్లు కూడా చేతులు మారింది. బూట్లు మాత్రం నేను మానలేదు. ఉద్యోగానికి పోర్ట్ బ్లెయిర్ వచ్చాక, వాన ఎప్పుడు వస్తుందో తెలియక అందరూ రబ్బరు చెప్పులతో తిరిగే ఈ ఊళ్లో, చెప్పులు కుట్టే ఒకాయన్ని వెతికి పట్టుకుని లాడాలు కొట్టించుకున్నాను. "సాబ్, ఘోడా హై క్యా?" అని నవ్వాడాయన. గుర్రానికి కొట్టినట్టు కొట్టాలా అని.

నా ఉద్యోగం చూపు లేని పిల్లలకు చదువు చెప్పడం. నాకంటూ ఒక బడి ఉండదు. రోజుకొక బడికి వెళ్లి, అక్కడ ఉన్న ఒకరిద్దరికి బ్రెయిలీ, మాట్లాడే ఫోను వాడటం, తెల్ల కర్రతో నడవటం నేర్పుతాను. పదకొండేళ్లయింది. మొదట్లో ఏవేవో అనిపించేవి. ఇప్పుడు పని జరుగుతూ ఉంటుంది, నేను దాని పక్కన నిలబడి ఉంటాను.

వాళ్లలో ఒక అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. పుట్టుకతోనే చూపు లేదు. హాడోలో పోర్టు క్వార్టర్సులో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేది. తండ్రి హావ్‌లాక్ దీవిలో చేపల వేట చేస్తాడు. ఆయన తాతల కాలంలో ఆ కుటుంబం మా ఊరి పక్క పేట నుంచే ఓడెక్కి వచ్చారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఫలితాలు వచ్చిన వారం ఆయన పిన్ని ఇంటి వరండాలో కూర్చుని తన షరతు చెప్పాడు.

"మాస్టారూ, ప్రతి సెలవుకీ నేనొచ్చి తీసుకుపోవాల, మళ్లీ దింపాల. దింపిన ప్రతీసారీ రెండ్రోజులు వేట పోతాది. గుంట ఒక్కర్తీ బోటెక్కి వొస్తానంటే పదకొండు సదివిస్తాను. నేదంటే ఖతం. ఇంటికాడే ఉంటాది."

లోపల్నుంచి అమ్మాయి అరిచింది. "ఎల్తాను నాన్నా! ఎల్లలేనని ఎవలన్నారు?"

"నువ్వనలేదే తల్లీ. నువ్వెప్పుడూ అనవు. అదే నా భయం."

ఈ పనికొక పద్ధతి ఉంది. మొదట పిల్ల నా మోచేయి పట్టుకుని అర అడుగు వెనక నడుస్తుంది. కొన్నాళ్లకు చేయి వదిలి పక్కన నడుస్తుంది. ఆ తరువాత నేను వెనక ఉంటాను. చివరికి చాలా వెనక, మాట లేకుండా. హాడోలో బస్సెక్కి ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర దిగాలి. ఎడమ చేతి వైపు గోడ వెంట దిగువకు నడవాలి. గేటు దగ్గర టికెట్ చూపించాలి. షెడ్డు దాటాక కాలువ మీద పరిచిన ఇనప జాలీ కర్రకు తగులుతుంది. అక్కడ కుడికి తిరిగితే హావ్‌లాక్ బోటు. నేరుగా వెళితే వేరే దీవుల బోట్లు.

మొదటి రోజే ఆమెకొక మాట చెప్పాను. "ఎవరినీ దారి అడగకు. నీకే తెలియాలి." ఆ మాట మా శిక్షణ పుస్తకాల్లో లేదు. మా ఇంట్లోది. మా నాన్నగారు ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా మంచినీళ్లు అడగలేదు.

నెల రోజులు నడిచాం. తండ్రి ముందు ఒంటరిగా నడిచి చూపాల్సిన పరీక్ష రోజున ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఇరవై అడుగుల వెనక ఉన్నాను. అమ్మాయి జాలీ దాటి నేరుగా రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, కుడికి తిరిగి, బోటు మీదికి వేసిన గ్యాంగ్‌వే మొదట్లో కర్ర తాకించి నిలబడింది. తండ్రి గేటు దగ్గర ఉన్న కూలీలందరికీ చెప్పాడు. ఆ ఊపులో నా భుజం మీద చెయ్యి వేశాడు. మా తాతగారి భుజం మీద ఎవరూ చెయ్యి వేసి ఉండరు. నేను తీసెయ్యలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో అమ్మాయి పక్కన కూర్చున్నాను. తండ్రి ముందు సీట్లో కండక్టరుతో మాట్లాడుతున్నాడు. "మా గుంట అకేలీ ఎల్లీసింది భయ్యా!"

"జాలీ దాటాక తప్పు వెళ్తున్నానని నీకెలా తెలిసింది?" అని అడిగాను.

"మీ బూటు ఆగింది కదా సార్."

"నా బూటా?"

"నేను రైట్‌గా ఎల్తే టక్ టక్ వొస్తాది. గలత్ అయితే ఆగిపోద్ది. రోజూ అంతే కదా? అదే సిస్టమ్ అనుకున్నాను."

ఆమె తప్పు దారిలో అడుగు పెట్టినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టి ఆగిపోతున్నాను. నెల రోజులుగా. ఆమె జెట్టీని నేర్చుకోలేదు. నా మడమలను నేర్చుకుంది.

ఇంటికి వెళ్లి బూట్లకు పాలిష్ పెట్టాను. రోజూ పెట్టేదే. సిగ్గు పడాలనుకున్నాను గానీ, అది కూడా ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టే ఉంది. తెల్లవారి తండ్రి ఎక్కే హావ్‌లాక్ బోటు కదలకముందే ఫీనిక్స్ బే వెళ్లాను. వరుసలో నిలబడి ఉన్నాడు.

"నిన్నటి పరీక్ష చెల్లదు," అన్నాను.

"ఏటి?"

జరిగింది చెప్పాను. ఆయన నా బూట్లకేసి చూశాడు. వెనకున్నవాళ్లు ముందుకు జరగమంటున్నారు.

"ఈ మాట నిన్న బస్సులో సెప్పాల మాస్టారూ."

"అవును."

"దీవి మొత్తానికి ఫోన్ జేసీసాను." సంచి కింద పెట్టాడు. "మా తాత మీ ఇంటి ముందర్నుంచి ఎల్లాలంటే సెప్పులిప్పి సేత్తో పట్టుకుని ఎల్లీవోడంట. తెలుసా బుగతోరూ?"

"తెలుసు."

"ఆ సప్పుడు మీకు ఇనబడకూడదంట."

నేను నిటారుగా నిలబడి ఉన్నాను. ఇంకోలా నిలబడటం నాకు రాదు.

వరుస కదిలింది. ఆయన నాలుగడుగులు వేసి తిరిగి చూశాడు. "అడ్మిషన్‌కి ఎన్నాళ్లుంది?"

"మూడు వారాలు."

"రెండు వారాల్లో ఇంజన్ సామాను కోసం మళ్లీ వొస్తాను. తిరిగెల్లేటప్పుడు ముందే బోటెక్కి కూకుంటాను. గుంట దానంతటది ఎక్కితే ఫారం మీద సంతకం పెడతాను. ఎక్కకపోతే దిగొచ్చి నేనే తీసుకుపోతాను. మళ్లీ పంపను."

ఆ రోజే రబ్బరు చెప్పులు కొన్నాను. నీలం పట్టీలవి. దుకాణంలో అమ్మే ఆవిడ నా బూట్లను చూసి, "ఎవరికి సార్, మీకేనా?" అని రెండుసార్లు అడిగింది. బయటికి వచ్చి నడిస్తే నా నడక నాకే వినబడలేదు.

మర్నాడు, పరీక్ష మళ్లీ ఉందని మాత్రం చెప్పి నడిపిస్తే, జాలీ దగ్గర అమ్మాయి ఆగిపోయింది. తల కాస్త పక్కకు తిప్పింది.

"సార్?"

నేను పది అడుగుల వెనక ఉన్నాను. పలకలేదు.

"సార్, ఉన్నారా?"

జనం ఆమెను రాసుకుంటూ పోతున్నారు. ఒక కూలీ జాలిపడి, ఆమె మణికట్టు పట్టుకుని, ఎటని అడగకుండానే లాక్కెళ్లి వేరే దీవి బోటు దగ్గర నిలబెట్టాడు. నేను వెళ్లి మాట్లాడేసరికి ఆమె ముఖం ఎర్రబడి ఉంది.

"బోల్నా థా నా సార్, సెప్పాల కదా! మీరు ఎల్లిపోయారనుకున్నాను."

"ఉన్నా చెప్పను. లేకపోయినా చెప్పను."

"మరి ఎవర్నీ అడగొద్దని ఎందుకన్నారు? బోటు రోజూ ఒక్క చోటే కట్టరు. ఇవాళ ఎక్కడ కట్టారో కర్రకేం తెలుస్తాది?"

సముద్రం వైపు చూశాను. తరువాత, "అడుగు," అన్నాను. "చెయ్యి పట్టుకోబోతే విడిపించుకో. నోటితో చెప్పమను." అది నేను మొదటి వారంలో నేర్పవలసిన పాఠం.

రెండు వారాలు రోజూ ఉదయం నడిచాం. కొన్ని రోజులు సరిగా వెళ్లింది, కొన్ని రోజులు వెళ్లలేదు. నేను పలకలేదు. ఆమె కూడా పిలవడం మానేసింది. పాలిష్ వాసన చేతులకు అంటుకుంటుందని చివరి వారం బూట్లు ముట్టుకోలేదు. నేను వస్తానో రానో ఆమెకు చెప్పలేదు.

ఆ రోజు హావ్‌లాక్ బోటును ఎప్పుడూ కట్టే చోట కట్టలేదు. నేను ముందే వెళ్లి చూశాను. చివరి రేవులో ఉంది. తండ్రి పై డెక్ మీద రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఉన్నాడు. ఆయన నన్ను చూశాడు, నా కాళ్లను చూశాడు. నేను జాలీ అవతల ఒక స్తంభం పక్కన నిలబడ్డాను.

అమ్మాయి గేటు దాటింది. జాలీ దాటి కుడికి తిరిగింది. అక్కడ బోటు లేదు. ఇంజను చప్పుడు కోసం కాసేపు విని, వెనక్కి తిరిగి, తిన్నగా నా వైపే వచ్చింది. కర్ర చివర నా చెప్పుకు తగిలింది.

"సారీ భయ్యా. హావ్‌లాక్ బోట్ కిధర్ లగా హై?" బోటు ఎక్కడ కట్టారని.

నా గొంతు ఆమెకు తెలుసు. ఒక్క అక్షరం పలికినా అయిపోతుంది. ఆమె ముఖం నాకు మూరెడు దూరంలో ఉంది. ఎదురుచూస్తోంది. నా పెదవులు కదిలాయనుకుంటాను.

"బహ్రా హై క్యా," చెవుడా ఏమిటని గొణుక్కుని, ఆమె పక్కకు తిరిగి ఇంకా గట్టిగా అదే ప్రశ్న అడిగింది. కోడిగుడ్ల అట్టలు మోస్తున్న కూలీ ఒకడు ఆగి, ఖాళీగా ఉన్న చేత్తో ఆమె చేయి పట్టుకోబోయాడు.

"హాథ్ నహీ భయ్యా. మూఁ సే బోలో."

వాడు నవ్వాడు. "అచ్ఛా దీదీ. సీధా జానా, ఆఖరీ వాలా, లెఫ్ట్ మే."

ఆమె తిన్నగా వెళ్లింది. చివరి రేవులో ఎడమకు తిరిగింది. గ్యాంగ్‌వే దగ్గర బోటు మనిషి టికెట్ అడిగితే సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆమె కాలు డెక్ మీద పడగానే, పైన తండ్రి కమ్మీ వదిలేసి ఉన్నచోటే కూర్చుండిపోయాడు.

తాళ్లు విప్పేదాకా నిలబడ్డాను. ఏదో అనిపిస్తుందని కాసేపు చూశాను. ఎండ ఎక్కుతోంది. బొటనవేలి మీద కర్ర చివరి తడి మట్టి చిన్న మచ్చలా అంటింది.

ఆదివారం ఆమె ఒక్కర్తీ తిరిగి వచ్చింది. సోమవారం పిన్ని ఇంటికి వెళితే మడతపెట్టిన ఫారం నా చేతిలో పెట్టింది. కాగితం చేపల వాసన వేస్తోంది. కింద తండ్రి పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో, గీత దాటి ఉంది.

"సార్, ఆ రోజు మీరు జెట్టీకి వొచ్చారా?"

"చెప్పను," అన్నాను.

ఆమె నవ్వింది. నేను ఫారం జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు తొడుక్కుని బడికి బయల్దేరాను.