లాయరు బావ, గాలి మిషను

మా బావకి ఏ మాటకైనా రుజువు కావాలి. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూసి, అవి పైవాటా వాళ్ళు ఆరేసిన బట్టల నీళ్ళు కావని తేల్చుకున్నాకే గొడుగు తీస్తాడు. మా అక్క సిగ్గుపడుతూ "నెల తప్పానండీ" అని చెబితే, "రిపోర్టేది?" అన్నాడట. ఆ పిల్ల పుట్టి, పెరిగి, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. అక్క మాత్రం ఆ మాట ఇంకా మరిచిపోలేదు.

బావ సిటీ బస్సు డ్రైవరు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. అదే డిపోలో కంట్రోల్ రూములో కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చూడటం నా ఉద్యోగం. డిపోలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ఆయన లాయరే. టైరులో గాలి తగ్గిందని మెకానిక్కు చెప్పినా, గేజి పెట్టి చూపించేదాకా బస్సు దిగడు.

అలాంటి మనిషికి గురక ఉందని ఎవరు చెప్పగలరు? అక్క ప్రయత్నించింది.

"మీ గురకతో నాకు నిద్ర ఉండటం లేదండీ."

"ఎవరు విన్నారు?"

"నేనే."

"నిద్ర లేదంటున్నావు. నిద్రలేని మనిషి మాట సాక్ష్యానికి పనికిరాదు."

అక్క ఫోనులో రికార్డు చేసి వినిపించింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. "ఇది లారీ. రెండో గేరులో ఎత్తు ఎక్కుతోంది" అన్నాడు. మేం పడీపడీ నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పొద్దున డ్యూటీకి నేను ఆయన బస్సులోనే, ముందు సీట్లో వెళ్తాను. ఒక రోజు సిగ్నలు పచ్చ పడినా బస్సు కదల్లేదు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. అద్దంలో చూద్దును కదా, ఆయన కళ్ళు మూతలు పడి, తల స్టీరింగు మీదికి వాలుతోంది. "బావా!" అని అరిచాను. ఉలిక్కిపడి గేరు వేశాడు.

"నిద్రపోయావా?"

"ఇంజను చప్పుడు వింటున్నాను. రుజువుందా నిద్రపోయానని?"

వారం తిరక్కుండా మళ్ళీ అదే. మూడోసారి సిగ్నలు దగ్గర బస్సు దానంతటది ముందుకి జారింది. ఎదురుగా జీబ్రా చారల మీద ఒక తల్లి పసిబిడ్డని ఎత్తుకుని రోడ్డు దాటుతోంది. నా అరుపుకి బ్రేకు పడింది. ఆవిడకీ బస్సుకీ మధ్య జానెడు జాగా. నా వెనక నలభైమంది ప్రయాణికులు. ఆ సాయంత్రం మేనేజరుకి కాగితం రాసి ఇచ్చాను. ఇంటికెళ్ళి అక్కకి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

మర్నాడే బావని బస్సు దింపేసి పరీక్షకి పంపారు. ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు తగిలించి పడుకోబెట్టారు. రిపోర్టు చూసి డాక్టరు చెప్పింది: "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోందండీ. గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోంది. అందుకే పగలు నిద్ర ముంచుకొస్తోంది."

"ఎవరు లెక్కపెట్టారు?"

"మిషను."

"అన్నిసార్లు ఊపిరి ఆగితే నేనెలా బతికున్నానండీ?"

"అదే నేనూ అనుకుంటున్నాను" అందావిడ.

ఆయన రుజువు అడక్కపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

డాక్టరు చెప్పిన షరతు ఒక్కటే. గాలి మిషను ఇస్తారు. చెప్పులపెట్టె అంత ఉంటుంది, దానికి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. గొంతు మూసుకుపోకుండా అది గాలి ఊదుతూ ఉంటుంది. రోజుకి నాలుగు గంటలైనా దాంతో నిద్రపోవాలి. ముప్ఫై రోజుల్లో ఇరవై ఒక్క రోజులు అలా చేస్తేనే మళ్ళీ స్టీరింగు. లేకపోతే డిపో గేటు దగ్గర చీటీలు రాసే పని, రిటైరయ్యేదాకా. ఎన్ని గంటలు వాడాడో మిషనే రాసి పెట్టుకుంటుంది.

"అంటే రుజువు అదే ఇస్తుందన్నమాట" అన్నాను, ఉత్సాహపరుద్దామని. బావ నావైపు ఒక చూపు చూశాడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి మిషను మీద అంకె చూడటం నా పనైంది. మొదటి రోజు గంటా పది నిమిషాలు. రెండో రోజు నలభై నిమిషాలు. ముక్కులోకి గాలి తోసుకొస్తుంటే కిటికీలోంచి తల బయటపెట్టి ప్రయాణం చేస్తున్నట్టుందట. నోరెండిపోతుందట. మాస్కు పక్కల నుంచి గాలి తుస్సుమంటుందట. దాన్ని ఆపడానికి ఆయన పట్టీలు బిగించేవాడు. చక్రానికి నట్లు బిగించిన చెయ్యి కదా, ముక్కు మీద ఎర్రటి గాడి పడింది.

అలవాటవ్వాలంటే మెలకువగా ఉన్నప్పుడు కూడా, మిషను వెయ్యకుండా, ఉత్త మాస్కు పెట్టుకోమన్నారు. ముందుగదిలో మాస్కు తగిలించుకుని పేపరు చదువుతూ కూర్చునేవాడు. కరెంటు రీడింగుకి వచ్చినవాడు తలుపు తీసి చూసి, "పెద్దాయనకి సీరియస్సా అమ్మా?" అని గుసగుసగా అడిగి, రీడింగు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

అక్క బాధ ఇంకొకటి. టీ గ్లాసు నా చేతికిస్తూ రోజూ అదే పాట. "మనవాళ్ళెవరో రాశారే. నిప్పు లేందే పొగ రాదు. ఇరవై రెండేళ్ళు ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన మనిషి నోటిదగ్గర కూడు తీశారు. ఆ రాసిన చెయ్యి పడిపోను!"

నేను టీ గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను.

"మీ కంట్రోల్ రూములోనే ఉంటాడు వాడు. నీకు తెలిసే ఉంటుంది. చెప్పవేం?"

నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి బావ, మాస్కులోంచే కేక వేశాడు. "ఎవరో రాశారనడానికి రుజువేది? డిపోవాళ్ళే అందరికీ పరీక్షలు పెట్టుండొచ్చు."

"మిమ్మల్నొక్కళ్ళనే పంపారు కదండీ!"

"నన్నొక్కణ్ణే అనడానికి రుజువేది?"

అక్క తల కొట్టుకుని వంటింట్లోకి పోయేది. ఈయన చాదస్తం నన్ను కాపాడుతోందని నేను లోలోపల దణ్ణం పెట్టుకునేదాన్ని. అలా దణ్ణం పెట్టుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

పదకొండు రోజులు గడిచాయి. నాలుగు గంటలు దాటినవి మూడే. ఎనిమిది పోయాయి. ఇంకొక్కటి పోవచ్చు, అంతే. పన్నెండో రోజు పొద్దున అంకె రెండు గంటలే. నేను ఏడుపు మొహంతో డ్యూటీకెళ్ళాను. ఆ మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా, నాలుగు గంటల ఇరవై! నాకు ప్రాణం లేచొచ్చింది. బావ ఇంట్లో లేడు. అక్క నావైపు చూడకుండా కూరగాయలు తరుగుతోంది. తన ముక్కు మీదా ఎర్రటి గాడి.

"అక్కా! నువ్వు పెట్టుకున్నావా?"

"అరవకు. రెండు గంటలు పడుకున్నాను, నా సొమ్మేం పోయింది? గాలి గాలే, ఎవరు పీలిస్తేనేం?"

సాయంత్రం బావ వచ్చి అంకె చూశాడు. మాస్కు తీసి వాసన చూశాడు. మా ఇద్దరి మొహాలు చూశాడు. "ఇందులో నువ్వు మొహానికి రాసుకునే క్రీము వాసన ఎందుకుందే?" అన్నాడు. ఆయన ఫోను తీసి మిషను ఇచ్చిన అమ్మాయికి చేశాడు.

"ఇవాళ్టి లెక్కలో సగం నాది కాదమ్మా. కొట్టెయ్యి."

"ఏమండీ, ఇంక ఒక్కటి కూడా మిగల్దండీ!" అంది అక్క.

"నీ నిద్ర రుజువుతో నేను బస్సెక్కితే, సిగ్నలు దగ్గర కునికేది నువ్వా నేనా?"

అక్క చెంగున లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఇక మిగిలినవి పద్ధెనిమిది రోజులు. అన్నీ నాలుగు గంటలు దాటాలి. ఒక్కటి తప్పినా అయిపోయినట్టే.

ఆ రాత్రి పడుకునేలోపే ఆ మిషను అమ్మాయి స్వయంగా వచ్చింది. ముక్కు మీద గాడి చూసి, "పట్టీలు వదులు చెయ్యండి సార్" అంది.

"ఇంత బిగించినా గాలి పోతోంది. వదులు చేస్తే ఆగుతుందా? రుజువేది?"

ఆ పిల్ల గట్టిది. మిషను వేసి, ఆయన వేళ్ళు తడిపి మాస్కు అంచున పెట్టించింది. చల్లగాలి తగిలింది. పట్టీలు కాస్త వదులు చేసి, మాస్కుని కొంచెం పైకెత్తి మళ్ళీ ఆన్చింది. "ఇప్పుడు చూడండి." ఆయన వేళ్ళు ముక్కు చుట్టూ మూడుసార్లు తిరిగాయి. ఎక్కడా గాలి లేదు. గాలి మొదట్లో నెమ్మదిగా వచ్చి, తర్వాత పెరిగేలా ఏర్పాటు చేసింది. బావ మొహం వెలిగింది. "ఫస్టు గేరులో తీసుకుంటోంది! ఈ ముక్క ముందే చెప్పొద్దూ?"

పదమూడో రోజు నాలుగున్నర గంటలు. తర్వాత అయిదు, అయిదుంపావు. ఇరవై నాలుగో రోజు జలుబు చేసి ముక్కు దిబ్బడేసింది. పొద్దున్నే నేను వెళ్ళేసరికి అక్క మిషను ముందు కొయ్యబారి నిలబడుంది. "నువ్వు చూడవే, నాకు చేతకాదు" అంది. బావ కుర్చీలో చేరగిలబడి కూర్చునే పడుకున్నాడు, మాస్కు ముక్కునే ఉంది. వంగి చూశాను. నాలుగు గంటల మూడు నిమిషాలు. అక్క నన్ను కావిలించుకుని భోరుమంది. బావ ఒక కన్ను తెరిచి, "మూడు నిమిషాలు ఎక్కువే ఉందిగా, ఏడుపెందుకు?" అన్నాడు.

ముప్ఫయ్యో రోజు దాటింది. ముగ్గురం డిపో డాక్టరు దగ్గరికెళ్ళాం. ఆయన బావ ఫైలు తెరిచాడు. అన్నిటికన్నా పైన ఉన్న కాగితం చూడగానే గుర్తుపట్టాను. నా దస్తూరీ. అక్క పక్కనే కూర్చుంది.

"డాక్టరు గారూ, ఆ కంప్లయింటు రాసిందెవరో కాస్త చెప్పండి" అంది అక్క, ముందుకి వంగుతూ.

బావ అరచెయ్యి కాగితం మీద పడింది. "ముందు నా అంకెలు చూడండి సార్. నెల రోజుల కష్టం." అని ఇంకో చేత్తో మిషను చీటీ ఆయన ముందుకి తోశాడు. డాక్టరు చీటీ తీసుకున్నాడు. బావ వేళ్ళ సందులోంచి నా కాగితం అడుగుభాగం నాకు కనిపించింది. "నకలు ముట్టినది" అని బావ సంతకం. తేదీ, ఆయన్ని బస్సు దింపిన రోజుది.

అంటే మొదటి రోజు నుంచీ ఆయనకి తెలుసు. నెల రోజులుగా మాస్కులోంచి "రుజువేది? రుజువేది?" అని అరిచింది, రుజువు జేబులో పెట్టుకుని.

డాక్టరు ముద్ర వేశాడు. బావకి మళ్ళీ స్టీరింగు. ముద్ర పడిన చీటీ తీసుకుని అక్క రిజిస్టరు నంబరు వేయించడానికి పక్కగదికి పరిగెత్తింది. వరండాలో మేమిద్దరమే మిగిలాం. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"బావా, నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? ఒక పూట వచ్చింది. అయినా నువ్వు రాసింది తప్పు."

"తప్పా?"

"మూడుసార్లు కునికాడని రాశావు. ఏడు." గోడ వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు లేని ట్రిప్పుల్లో నాలుగు. నాకు తెలుసు. పైకి చెప్పే ధైర్యం చాల్లేదు. నువ్వు తక్కువ రాశావు మరదలా, అయినా సరిపోయింది."

నేను ఏడుస్తూనే నవ్వాను. "ఇవాళే అక్కకి చెప్పేస్తాను బావా. ఇక దాచలేను."

బావ గాభరాగా పక్కగది తలుపు వైపు చూశాడు. "ఇవాళ వద్దు. రేపు నా మొదటి ట్రిప్పు బయల్దేరాక ఫోను చేసి చెప్పు. నేను బస్సులో ఉంటాను, నువ్వు కంట్రోల్ రూములో ఉంటావు, ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఎటు చూసినా నాలుగు కిలోమీటర్లు అడ్డం ఉండాలి."

అలాగే చేశాను. నాలుగు కిలోమీటర్లు చాల్లేదు.