నడుము మెషిన్ పరిచయ సభ

ఛత్రినాకలో నా ఫిజియోథెరపీ క్లినిక్ పక్కనే ఒక ఎముకల డాక్టరు ఉంటారు. మందుల కంపెనీల రెప్రజెంటేటివులు నా గుమ్మంలో తల పెట్టేది ఒక్క ప్రశ్నకే: "మేడమ్, డాక్టర్ సాబ్ ఉన్నడా?"

అలాంటిది పోయిన ఏడాది ఒకాయన టై కట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "మేడమ్, ఇప్పుడు మా కంపెనీ ఫోకస్ మొత్తం మీ మీదనే. డాక్టర్లు చీటీ రాస్తరు, గంతే. పేషెంట్ నడుం చూసేది మీరే కద!" అన్నాడు. తెచ్చిన ఆహ్వానపత్రిక మీద నా పేరు ముందు 'డాక్టర్' అని బంగారు రంగులో అచ్చు వేయించాడు. నేను పొంగిపోయాను.

నయాపూల్ దగ్గర ఫంక్షన్ హాల్లో సభ. చుట్టుపక్కల ఫిజియోథెరపిస్టులంతా అదే పత్రిక పట్టుకుని, తమనొక్కరినే పిలిచారనుకున్న మొహాలతో కూర్చున్నారు. కంపెనీ మేనేజర్ చాలాసేపు మాట్లాడాడు. చేతులతో ఒత్తే కాలం పోయిందట. వాళ్ల మెషిన్ తగిలిస్తే నొప్పి దానంతటదే పారిపోతుందట. వెనక వంటవాళ్లు బిర్యానీ మూత తీసేసరికి ఆ మాట మీద మాకూ కాస్త నమ్మకం కుదిరింది.

"చూడండి, ఎంత తేలికో!" అంటూ మేనేజర్ వంగి మెషిన్ ఎత్తాడు. సగం లేచి అలాగే ఆగిపోయాడు.

"అమ్మా! నడుం వట్టేసింది!"

మేమంతా వేదిక ఎక్కాం. ఒకరు వంగమన్నారు, ఒకరు కదలొద్దన్నారు. చివరికి బల్ల మీద పడుకోబెట్టాం. రెప్రజెంటేటివ్ భక్తిగా వైర్లు పట్టుకొచ్చాడు.

"సార్, మనదే పెడదమా?"

"ఏయ్, దూరం తియ్! మేడమ్, మీరు చేత్తోని చూడుండ్రి!"

మేనేజర్ చొక్కాకు మైకు ఇంకా ఉండటంతో హాలంతా విన్నది.

మెల్లగా ఒత్తి, లేపి నిలబెట్టాను. ఆ రోజు ఒక్క మెషినూ అమ్ముడుపోలేదు. బిర్యానీ మాత్రం గిన్నె అడుగు దాకా అయిపోయింది.

తర్వాత మేనేజర్ నా క్లినిక్‌కే రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను ఒత్తుతుంటే హాయిగా మూలుగుతూనే, పక్క బల్ల మీదున్న పెద్దాయన వైపు తల తిప్పాడు. ఆయన కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి.

"బాపూ, మా కంపెనీది ఒక మెషిన్ ఉన్నది. ఇంట్ల పెట్టుకుంటే క్లినిక్‌లకు తిరుగుడే ఉండది."

"మంచిగనే ఉన్నది బిడ్డా. మరి నువ్వెందుకొచ్చినవ్?"

మేనేజర్ మొహం తిప్పుకుని దిండులో పెట్టాడు. తర్వాత, "మేడమ్, జర కిందికి ఒత్తుండ్రి," అన్నాడు.