ఆరో హోల్ మధ్యలో ఇప్పచెట్టు

2023 మార్చి. జూలూరుపాడు, టేకులపల్లి మధ్య అడవి అంచున ఉన్న ఒక ప్రభుత్వ గోల్ఫ్ కోర్సుకు నేను సూపర్‌వైజర్‌ని. అడవిలో గోల్ఫ్ ఏమిటని నవ్వకండి. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్లోవాళ్లూ నవ్వారు. ఎవరో పెద్ద అధికారి ముచ్చటపడి తొమ్మిది హోల్స్ కట్టించాడు. ఆయన బదిలీ అయ్యాక ఆ గడ్డిని పట్టించుకున్న నాథుడు లేడు.

బంతిని మొదట కొట్టే చోటును టీ అంటారు. చివర జెండా పాతి ఉండే నున్నటి గడ్డి గ్రీన్. ఈ రెంటికీ మధ్య దారి ఫెయిర్‌వే. మూడూ కలిస్తే ఒక హోల్. మా ఫెయిర్‌వేలను రాత్రిపూట అడవిపందులు దున్నేవి. కోత మిషన్ వారంలో సగం రోజులు రిపేరు షాపులోనే ఉండేది. అయినా ఆ చోటు అందం చూస్తే తిట్టబుద్ధి కాదు. పొద్దున్నే గుట్టల మీద మంచు విడిపోతుంటే, మోదుగులు ఎర్రగా పూసి ఉంటే, ఆడేవాళ్లు బంతి సంగతి మర్చిపోయి ఫోన్లు బయటికి తీసేవాళ్లు.

ఆ ఏడాది పైనుంచి కబురు వచ్చింది. క్రమం తప్పకుండా ఆడే మెంబర్లు దొరక్కపోతే కోర్సు మూసేస్తామన్నారు. నేను ఊరూరా ఫోన్లు చేస్తే, చివరికి ఖమ్మం నుంచి ఒక బ్యాచ్ ఒకసారి ఆడి చూస్తామంది. రిటైరైన ఇంజనీరు రావు గారు వాళ్లకు పెద్ద. ఆ ఆదివారం నేను చర్చికి డుమ్మా కొట్టాను. నా బదులు ప్రార్థన చెయ్యమని మా ఆయనకు అప్పగించి తెల్లవారకముందే బయల్దేరాను.

మొదటి ఐదు హోల్స్ గండం లేకుండా గడిచాయి. పంది తవ్విన గుంటలో బంతి పడ్డప్పుడల్లా రావు గారు గొణిగేవారు, తలెత్తి గుట్టలు చూసి చల్లబడేవారు. ఆరో హోల్ టీ మీదికి రాగానే నా గుండె గుభేలుమంది. ఫెయిర్‌వే సగం నల్లగా కాలిపోయి ఉంది. మధ్యలో పెద్ద ఇప్పచెట్టు. దాని కింద పక్క ఊరి కన్నమ్మ, ఆమె కోడలు బుట్టలు పెట్టుకుని పువ్వు ఏరుతున్నారు.

"ఏంది మేడం ఇది? గోల్ఫ్ ఆడిస్తున్నారా, బొగ్గుబాయిలోకి దింపుతున్నారా?" అన్నారు రావు గారు.

ఎండబెట్టి అమ్ముకునే ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకులుంటే ఏరడం కష్టమని ముందే వాటికి నిప్పు పెట్టడం అక్కడి ఊళ్లలో అలవాటు. నేల శుభ్రమైతే పువ్వు కంటికి ఆనుతుంది. కన్నమ్మ కూడా ముందురోజు సాయంత్రం అదే చేసింది.

మనుషులు ఎదురుగా ఉంటే బంతి కొట్టకూడదు. రావు గారు "ఫోర్!" అని అరిచారు. బంతి వస్తోంది, తప్పుకోండి అని గోల్ఫ్‌లో వేసే కేక అది. కన్నమ్మ తల కూడా ఎత్తలేదు. చాలాసేపు నిలబడ్డాక ఆయన విసుగ్గా అన్నారు, "ఆ చెట్టు తీసేయించండి మేడం. మా బ్యాచ్ అంతా మెంబర్లుగా చేరతాం."

నెలల తరబడి ఎదురుచూసిన మాట అది. వినగానే సంతోషం రావాల్సింది, రాలేదు. కన్నమ్మ దగ్గరికి నడిచాను.

"గిట్ల కాలబెడితే ఎట్ల కన్నమ్మా?"

"నేను చెట్టు కిందనే పెట్టిన అక్కా. ఎనకట గీడ వట్టి నేలుండె, మంట గాడికే ఆగేది. గిప్పుడు మీ ఎండుగడ్డి గుంజుకపోయింది."

"సార్లు చెట్టే కొట్టేయమంటున్రు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "మా ఊళ్లె ఎవల చెట్టు వాళ్లకుంటది. గిది మా అత్త కాడికెల్లి మాది. గిది పోతే పక్కోళ్ల చెట్టు కిందికి నేను పోరాదక్కా. పువ్వు లేకుంట ఎండకాలం ఎట్ల ఎల్లదియ్యాలె?"

వెనక్కి వస్తుంటే నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అప్పుడే పెద్ద గోల్ఫ్ పోటీలు గుర్తొచ్చాయి. త్వరగా ముగియాలని ఒక్కో జట్టును ఒక్కో హోల్ నుంచి మొదలుపెట్టిస్తారు. దాన్ని షాట్‌గన్ స్టార్ట్ అంటారు.

"సార్, పువ్వు రాలినన్నాళ్లూ మీరు ఏడో హోల్ నుంచి మొదలుపెట్టండి. ఆరోది చివర ఆడండి. అప్పటికి వీళ్లు ఇంటికి పోతారు."

"ఎక్కడైనా ఒకటితోనే కదండీ మొదలు?"

"మన కోర్సు ఎక్కడైనా ఉన్నట్టుందా సార్?"

ఆయన పక్కనున్న స్నేహితుడు పకపకా నవ్వాడు. రావు గారు నవ్వలేదు. "మరి ఈ మంటల సంగతి?" అన్నారు.

గ్రీన్ల మీద ఆకులు ఊదడానికి మా దగ్గర ఒక బ్లోయర్ ఉంది. రోజూ సాయంత్రం దాంతో చెట్టు కింద ఊదిస్తాను, నిప్పు పెట్టొద్దని కన్నమ్మను అడిగాను. ఆమె నమ్మలేదు. "గది ఊదితే నా పువ్వు గూడ ఊరు దాటిపోతది," అంది. పువ్వు రాలకముందే ఆకు పోతుందని ఆ సాయంత్రం ఊదించి చూపించాను. మర్నాడు పొద్దున ఆమె శుభ్రమైన నేల మీద బుట్ట దించి ఏరడం మొదలుపెట్టింది. అదే ఒప్పుకోలు అనుకున్నాను. రావు గారు మాత్రం ఆ ఆదివారమే, ఒక్క నెల చూస్తామని కచ్చితంగా చెప్పి వెళ్లారు.

ఆ నెల గడిచింది, వాళ్లు చేరారు. పంది గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. కోత మిషనూ అంతే.

మరుసటి మార్చిలో కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి, వేళ కాకుండానే నేరుగా ఆరో టీ మీదికి పోయి, ఆ చెట్టు ఎవరూ ఎందుకు కొట్టించలేదని నన్ను నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే రావు గారు అడ్డొచ్చారు. "అది కన్నమ్మ చెట్టండి. ఆవిడ ఏరుకుని వెళ్లాక ఆడదాం. రండి, ముందు ఏడో హోల్‌కి పోదాం."

మైదానం నడపడమంటే గడ్డి కోయించడమే అనుకునేదాన్ని. ఒకే నేల ఇద్దరికి కావాల్సి వచ్చినప్పుడు ఎవరి వేళ ఏదో కుదర్చడమే అందులో అసలు పని అని ఆ ఇప్పచెట్టు కింద నేర్చుకున్నాను. గడ్డి ఈ వానాకాలమైనా సరిగ్గా కోయిస్తాను.