పోలయ్య ఆకు

భావనపాడులో ఎండుచేపలు అమ్మే లక్ష్మణమ్మ ఏటా మహాలయ అమావాస్యనాడు సముద్రపొడ్డున పదకొండు విస్తరాకులు పరిచేది. ఒక్కో ఆకులో అన్నం, చేపల పులుసు వడ్డించి, ఒక్కో పేరూ గట్టిగా పిలిచేది. మొదటి పేరు మొగుడు సూరయ్యది. తక్కిన పదీ రంగూన్ రేవులో అతనితో బస్తాలు మోసి, ఆమె చేతి అన్నం తిన్న కూలీలవి. 1930లో రేవు పని కోసం రేగిన అల్లర్లలో బర్మావాళ్లు తెలుగు కూలీలను వెతికి వెతికి నరికారు. ప్రాణం అరచేత పట్టుకుని ఓడెక్కిన లక్ష్మణమ్మకు ఆ తిథి గుర్తులేదు. అందుకే అమావాస్య. రంగూన్ సంపాదనతో మేడలు కట్టుకున్న ఊరికి మాత్రం ఆ పేర్లు అక్కర్లేకపోయాయి.

1967లో ఆమె "పోలయ్యా!" అని పిలవగానే వెనక నుంచి ఎవరో పలికారు. బర్మా నుంచి తిరిగొచ్చిన కాందిశీకుడు, కుంటి ముసలాడు.

"ఒరే పోలిగా! బతికుండి ముప్పై ఏడేళ్లు నా సేత తద్దినం పెట్టించుకున్నావేట్రా!" తిట్టింది, ఏడ్చింది. బతికున్నవాడి ఆకు అక్కడ ఉండకూడదని పక్కకు లాగేసింది.

"తియ్యకొదినా," అన్నాడు పోలయ్య. "రంగూన్లో మన ఎనకాల ఇళ్లల్లో సంసారాలుండీవి, గురుతుందా? పిల్లల్తో సహా నరికీసినారు. ఆల్ని పిలవడానికి ఎవులూ మిగల్నేదు."

"పేర్లు సెప్పు."

అతను చెప్పసాగాడు. ఆమె ఆ ఆకులోని అన్నాన్నే చిన్న ముద్దలు చేసి, పేరుకొకటి ఇసుక మీద పెట్టింది. అన్నం అయిపోయింది. పోలయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు.